అమావాస్య సెలవు

“ప్యాకెట్ మీద కంపెనీ పేరే ఉండె. ఫోన్ల ఈ షాపు పేరే చెప్పిరి. మల్ల నేను యాడ మోసపోయిన సార్? జెర నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి.”

ఇడపనూరు సుంకన్న రెండు ఖాళీ పత్తి విత్తనాల ప్యాకెట్లు కౌంటరు మీద పెట్టి, వాటి మీద నుంచి చెయ్యి తీయకుండా నిలబడ్డాడు. అతని చెలకలో మొలక రాలేదు. మృగశిరలో పడిన వాన వట్టి మట్టిలోకి ఇంకిపోయింది. మళ్ళీ విత్తుదామంటే అదను దాటింది.

డిటెక్టివ్ వాసుదేవ్ ఆ చెయ్యి తీయమని అడగలేదు. సుంకన్న అంతట తానే తీసేదాకా ఆగాడు. తర్వాత షాపు అరలోంచి అదే రకం కొత్త ప్యాకెట్ ఒకటి అందుకుని, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. అచ్చు ఒకటే, రంగు ఒకటే. అంచున వేడితో అతికించిన గీత కూడా ఒకటే.

“ప్యాకెట్లు దొంగవి కావమ్మా. కంపెనీ అచ్చు వేయించినవే. లోపల పోసిన విత్తనమే పనికిరానిది” అన్నాడు షాపు యజమానురాలితో.

సౌభాగ్యలక్ష్మి తల ఊపింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. రాయచూరు బజారులో ‘జయరామయ్య సీడ్స్’ ఆమె భర్త పెట్టిన షాపు. ఆయన పోయిన తర్వాత ఆమె ఒక్కతే నడుపుకొస్తోంది. ఈ సీజనులో ఎవరో ఇదే షాపు పేరుతో ఇంకో వెబ్‌సైట్ పెట్టి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని, ఇడపనూరు, యరగేర, కల్లూరు రైతులకు మొలవని విత్తనాలు అంటగట్టారు. విత్తనాల కంపెనీ బెంగళూరు నుంచి జయతీర్థ అనే తన సొంత విచారణ అధికారిని పంపింది. అతను వచ్చాడు, చూశాడు, దొంగ సౌభాగ్యలక్ష్మేనని తేల్చేశాడు. రేపు పొద్దున ఫిర్యాదు ఇస్తానని ఆమె మొహానే చెప్పి వెళ్ళాడు. అందుకే ఆమె వాసుదేవ్‌ను పిలిపించింది.

“లైసెన్సు పోతె పోనీ అన్నా. షాపు మూసుకోని ఇంట్ల కూసుంట. కానీ జయరామయ్య పేరు మీద దొంగ ఇత్తనం అమ్మిండ్రు అని ఊర్లల్ల చెప్పుకుంటె నాతోని గాదు. ఆయన బతికున్నన్ని దినాలు ఒక్క గింజ తేడా రానియ్యలే.”

వాసుదేవ్ సుంకన్న వైపు తిరిగాడు. “ఆ నంబరు నీకెక్కడ దొరికింది?”

“ఫోన్నే అడిగిన. నాకు రాయనీకి రాదు గద, నోటితోటె అడుగుత. ‘ఇడపనూరుకు మంచి పత్తి ఇత్తులు ఎవరిస్తరు’ అన్న. జయరామయ్య సీడ్స్ అని అన్నిటికన్న పైన వచ్చె. ఆడనే నంబరు ఉండె. ఒత్తిన.”

“ఎవరు మాట్లాడారు?”

“మొగాయన. తెలుగే. పెద్దాయనా, పెద్దాయనా అని మస్తు మర్యాద చేసె. అప్పుడే అనుమానం రావాల్సుండె నాకు. షాపోళ్ళు ఎన్నడన్న గంత మర్యాద చేస్తరా?”

సౌభాగ్యలక్ష్మి మొహంలో నవ్వులాంటిది వచ్చి పోయింది.

“ఏళ్ళ తరబడి ఈ షాపుకే వచ్చేవాడివి. ఈసారి ఎందుకు రాలేదు?”

“మోకాలు వాసిండె సార్. ఇంటి కాడికి తెచ్చిస్తమన్నరు.”

“అనుమానం అసలు రానేలేదా?”

“మొదట్ల వచ్చె. పోయిన నెల ఫోన్ కొడితె ఎవరూ ఎత్తలే. బేకార్ నంబరేమో అనుకున్న. మర్నాడు వాండ్లే ఫోన్ చేసి ‘నిన్న అమావాస్య పెద్దాయనా, మా షాపుల అమావాస్య నాడు ఇత్తనం చేతికియ్యం, బేరం గూడ మాట్లాడం’ అన్నరు. ఇగ అప్పుడు బరోసా కుదిరె. జయరామయ్య సావుకారుది మొదటి సంది గదే రివాజు. అమావాస్య నాడు ఆయన గల్ల కాడ కూసుండంగ ఎవరన్న చూసిండ్రా? నువ్వే చెప్పక్కా.”

సౌభాగ్యలక్ష్మి అప్పటిదాకా ఖాళీ సంచులు మడతపెడుతోంది. ఆమె చేతులు ఆగాయి. తర్వాత అదే సంచిని విప్పి, మళ్ళీ మొదటి నుంచి మడతపెట్టింది.

“మీరేమైనా చెప్పాలా అమ్మా?”

“ఏం లేదన్నా.”

వాసుదేవ్ రెట్టించలేదు. మూసిన తలుపును వెంటనే తట్టకూడదని ఇన్నేళ్ళ పనిలో నేర్చుకున్నాడు. సుంకన్న ప్యాకెట్లు రెండూ అతనికే వదిలి, కుంటుకుంటూ మెట్లు దిగాడు. దిగుతూ, “నేను నీ మీద కేసు ఎయ్యను అక్కా. సావుకారు మొహం చూసి ఎయ్య” అన్నాడు.

అతను వెళ్ళాక వాసుదేవ్ ఆమె అసలు వెబ్‌సైట్ చూపించమన్నాడు. సౌభాగ్యలక్ష్మి ఫోన్ తీసి నొక్కింది. తెర తెల్లగా ఉండిపోయింది. మధ్యలో చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. చాలాసేపటికి తెరంతా నిండుతూ దండ వేసిన జయరామయ్య ఫొటో వచ్చింది. సన్నగా నాదస్వరం మొదలైంది. దాని కింద షాపు బోర్డు ఫొటో. ఫోన్ నంబరు ఆ బోర్డు మీదే రాసి ఉంది గాని, మీద వేలు పెట్టి నొక్కితే ఎవరికీ ఫోన్ పోదు. అది వట్టి బొమ్మ.

“సైటు చేసిచ్చిన అంబరీష్ వద్దన్నడు. ‘అక్కా, రైతుకు ముందుగాల నంబరు కనపడాలె, బావ ఫొటో కింద పెడదాం, నాదస్వరం ఎవరూ ఇనరు’ అని ఎంతనో చెప్పిండు. నేను ఇనలే. షాపు ఎవరిదిరా, ఆయనే ముందుండాలె అన్న. పాపం, అట్లనే చేసిచ్చిండు.”

వాసుదేవ్ రెండో వెబ్‌సైట్ తెరిచాడు. వేలు తీసేలోపే పేజీ వచ్చేసింది. దండ లేదు, పాట లేదు. పైన పెద్ద అక్షరాల్లో నంబరు, తాకితే చాలు ఫోన్ పోయేలా. దాని కింద ‘పత్తి విత్తనాలు, మీ ఊరికే తెచ్చి ఇస్తాం’ అన్న మాట. ఇడపనూరుకు ఒక పేజీ, యరగేరకు ఒకటి, కల్లూరుకు ఒకటి. తెలుగులోనూ కన్నడంలోనూ రైతు నోటితో ఎలా అడుగుతాడో అలాగే రాసిన ప్రశ్నలు, వాటి కింద జవాబులు.

ఆమె రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసింది. “దొంగదే మంచిగుంది గదన్నా?”

అబద్ధం చెప్పడం అతనికి చేతకాలేదు. “రైతుకు పనికొచ్చేలా ఉందమ్మా” అన్నాడు.

ఆ అంబరీష్ ఇప్పుడు లేడు. పత్తి విత్తే ముందు, కల్లూరు దారిలో అతని బైకు కాలువలో పడింది. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. ఆ మరుసటి వారమే దొంగ వెబ్‌సైట్ సెర్చ్‌లో కనిపించడం మొదలైంది.

*

అంబరీష్ అద్దెకున్న గది స్టేషన్ రోడ్డులో, ఒక పాత మేడ మీద ఉంది. వాసుదేవ్ ఆ ఇంటి ముందు బండి ఆపి, వెనక కూర్చున్న మనిషి దిగడానికి ఒక్క క్షణం ఆగాడు. వెనక ఎవరూ లేరు. అప్పుడు స్టాండు వేశాడు.

ఇంటావిడ మహాదేవమ్మ తాళం తీసింది. “పోలీసోళ్ళు చూసి పోయిండ్రప్పా. వానికి అక్క చెల్లె ఎవరూ లేరు గాదా, సామాను అడగనీకి ఒక్కరూ రాలే. మల్ల బాడిగకు ఇద్దామంటె మనసొప్పలే.” గడప దగ్గరే నిలబడి అతని వెనక్కి తొంగి చూసింది. “టీ పెట్టనా? ఒక్కరే వచ్చిండ్రా?”

“ఒక్కణ్ణేనమ్మా. టీ వద్దు.”

ఆమె కిందికి వెళ్ళిపోయింది. వాసుదేవ్ తలుపు గడియ పెట్టుకుని గది మధ్యలో నిలబడి చూశాడు. ఒక బల్ల, కంప్యూటర్, గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలు. గాజులమ్మేవాళ్ళు, టిఫిన్ సెంటర్ వాళ్ళు, మోటారు వైండింగ్ చేసేవాళ్ళు సాయంత్రాలు ఈ కుర్చీల్లోనే కూర్చుని, తమ షాపు సెర్చ్‌లో ఎందుకు రావడంలేదని అంబరీష్‌తో పోట్లాడేవాళ్ళట. తెల్లబోర్డు మీద వాళ్ళకు చెప్పిన మాటలు ఇంకా ఉన్నాయి. ‘మీ షాపు పేరు ఎవరూ వెతకరు, తమకు కావలసింది వెతుకుతారు.’ ‘నంబరు ఫొటోలో పెట్టొద్దు, సెర్చ్‌కు బొమ్మ చదవడం రాదు.’ చివరన పెద్దగా, కింద గీత గీసి: ‘కల్లూరు చేలో ఒక్క గీత సిగ్నల్ మీద తెరుచుకోవాలి.’

ఇలాంటి చోటికి వచ్చినప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునేది హిమబిందు. ఆమె అతని భార్య. పదకొండేళ్ళు అతని డిటెక్టివ్ ఏజెన్సీలో ఉన్న రెండో మనిషి కూడా ఆమే. అతను వెనక నిలబడి తనకు తోచిందంతా పైకి చెబుతూ పోయేవాడు. తప్పు ఉన్నచోట ఆమె చెయ్యి ఎత్తేది. చెయ్యి ఎత్తలేదంటే దారి సరిగానే ఉందని అర్థం. తెర మీద పనికొచ్చేది కనిపిస్తే, అతను మాట పూర్తి చేసేలోపే దాన్ని ఫొటో తీసి దాచేది. కిందటేడు కార్తీకంలో ఆమె పోయింది. అప్పటి నుంచి అతను మనసులోనే ఆలోచిస్తున్నాడు. అది ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు.

కుర్చీ లాక్కుని తానే కూర్చున్నాడు. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ లేదు. బజారంతా వచ్చి తడిమి చూసే యంత్రానికి తాళమెందుకు అనుకున్నట్టున్నాడు అంబరీష్. ఒక్కో ఖాతాదారుకు ఒక్కో ఫోల్డర్. ‘సౌభాగ్యక్క’ అన్నదాంట్లో రెండు డిజైన్లున్నాయి. మొదటిది దండ వేసిన ఫొటో ఉన్నది. రెండోది తెరవగానే వాసుదేవ్ ముందుకు వంగాడు.

అది దొంగ వెబ్‌సైటే.

కాదు, ఇదే అసలుది. దొంగ వెబ్‌సైట్ దీని నకలు. అంబరీష్ ఆమె కోసం తయారు చేసి, ఆమె వద్దన్నాక పక్కన పెట్టేసిన రెండో డిజైన్‌ను ఎవరో ఉన్నదున్నట్టు ఎత్తుకుపోయి జనంలో పెట్టారు. వాసుదేవ్ డిజైన్‌ను ఒక పక్కన, ఇప్పుడు నడుస్తున్న దొంగ పేజీని ఇంకో పక్కన తెరిచి, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కో వరుసా పోల్చాడు. ఊళ్ళు అవే. ప్రశ్నలు అవే. ఫొటోలు అవే. తేడాలు రెండే కనిపించాయి. ఒకటి ఫోన్ నంబరు, అది ఎలాగూ మారుస్తారు. రెండోది షాపు తెరిచి ఉండే వేళల్లో ఉంది. అంబరీష్ డిజైన్‌లో అన్ని రోజులూ తెరిచే ఉంటుందని రాసి ఉంది. దొంగ పేజీలో వచ్చే గురువారం ఒక్కటీ ‘సెలవు’.

గోడకున్న కేలండర్ చూశాడు. గురువారం అమావాస్య.

ఇలాంటి పేజీలకు ఆదివారం తెలుసు, సోమవారం తెలుసు. అమావాస్య తెలియదు. నెలనెలా ఎవరో గుర్తుపెట్టుకుని తేదీ చూసి, చేత్తో పెట్టాల్సిందే. చనిపోయిన అంబరీష్ వచ్చి పెట్టడు. మొలవని విత్తనం అమ్మేవాడికి అమావాస్య పట్టింపు ఎక్కడి నుంచి వచ్చింది?

అప్పుడే ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఎదురుగా జయతీర్థ. ఇస్త్రీ చొక్కా, జేబుకు కంపెనీ బ్యాడ్జీ.

“ఏన్రీ వాసుదేవ్ గారూ! సచ్చినోని కంప్యూటర్‌ను గూడ ఇడిసిపెట్టరా?”

“నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?”

“సౌభాగ్యమ్మనే చెప్పె. ఆమెకు దాచిపెట్టనీకి రాదు. గదే నాకు ఆశ్చర్యం, దొంగతనం ఎట్ల చేసిందో.” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పుట్టింది రాయచూరులోనే. చాలా ఏళ్ళు ఈ పల్లెల్లోనే కంపెనీ ఫీల్డ్ మనిషిగా తిరిగి, జయరామయ్య బతికుండగానే పెద్ద ఉద్యోగం మీద బెంగళూరుకు వెళ్ళిపోయినవాడు. “నోడ్రి, చూడుండ్రి, నాది సీదా లెక్క. ప్యాకెట్లు అసలువి. అసలు ప్యాకెట్లు యాడుంటయ్? షాపుల. సైటుల ఫొటోలు ఎవరివి? షాపుయి. పేరు ఎవరిది? షాపుది. మీరు మాత్రం శక్తినగర్ల గేటు కాడ నిలబడ్డప్పటి లెక్క ఇంకా అందరి టిఫిన్ డబ్బాలు తెరిచి చూస్తుండ్రు.”

శక్తినగర్ థర్మల్ స్టేషన్ సెక్యూరిటీలో వాసుదేవ్ ఒకప్పుడు చేసిన ఉద్యోగం గురించి ఆ వెటకారం. వాసుదేవ్ పట్టించుకోలేదు.

“అచ్చు వేసిన ఖాళీ ప్యాకెట్లు షాపులో ఉండవు. కంపెనీ గోదాములో ఉంటాయి.”

“అంటె మేము దొంగలమా?”

“ఖాళీ ప్యాకెట్లు ఎక్కడుంటాయో చెప్పానంతే.”

“పొద్దున ఫిర్యాదు ఇస్తున్న. అది ఆపనీకి మీ దగ్గర ఏముందో చూపించుండ్రి. లేకుంటె సాకు, ఇగ చాలు, ఇంటికి పోయి పండుకోండి.”

వాసుదేవ్ తెర అతని వైపు తిప్పాడు. “ఇది చూడండి. ఇది చనిపోయిన కుర్రాడి డిజైన్, సెలవు లేదు. ఇది దొంగ పేజీ, గురువారం సెలవు. అతను పోయాక ఎవరో పెట్టారు. ఆ మనిషి ప్రాణాలతో ఉన్నాడు, పంచాంగం చూసుకుంటున్నాడు.”

జయతీర్థ కేలండర్ వైపు చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. “మీరే ఆమెను పట్టిస్తుండ్రు గద సార్! అమావాస్యకు బజారంత షట్టర్లు ఏస్తది గని ఫోన్ల బేరం ఆపదు. ఆ దినం ఫోన్ గూడ ఎత్తని రివాజు ఎవరిది? ఈ బజార్ల అందరికి తెలుసు, జయరామయ్యది. ఇప్పుడు ఆ షాపు ఎవరు నడుపుతుండ్రు? పెండ్లాము. వేరేటోడైతె అమావాస్య నాడు గూడ అమ్ముకుంటుండె. మొగుని రివాజు మొగుని పెండ్లామే పాటిస్తది. రాసుకోండ్రి, ఫిర్యాదుల ఇది గూడ పెడత.”

ఆ తర్కంలో తప్పు లేదు. తాను కనిపెట్టిన ఆధారమే తన మనిషి మెడకు చుట్టుకుంటోంది. అప్పుడు, పొద్దున మడత మధ్యలో ఆగిపోయిన రెండు చేతులు గుర్తొచ్చాయి. వాసుదేవ్ ఫోన్ తీసి సౌభాగ్యలక్ష్మికి చేశాడు. ఇద్దరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

“అమ్మా, జయతీర్థ గారు పక్కనే ఉన్నారు. అమావాస్య సంగతి పొద్దున మీరు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి.”

అవతల షాపులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వచ్చింది.

“ఎవరికి చెప్పకుండ్రి అన్నా.” గొంతు తగ్గింది. “ఆయన ఉన్నప్పుడు నెలకు గా ఒక్క దినమే ఇద్దరం ఇంట్ల ఉంటుంటిమి. ఆయన పోయినంక అమావాస్య నాడు ఇంట్ల ఉండలేకపోయిన. పొద్దుగాల లేస్తె పొద్దు పోదు. అందుకే షాపుకొస్త. ఆ దినం ఇత్తనాల బజారంత బంద్ ఉంటది. షట్టర్ సగం లేపి లోపల కూసుంట. ఒగరిద్దరొస్తె ఇత్తనం గూడ చేతికిచ్చిన. ఆయన రివాజు నేనే తప్పిననని నలుగురు అనుకుంటరని ఎవరికీ చెప్పలే. ఒక్క అంబరీషుకు తెలుసు. సైటుల సెలవు తీసేయమంటె తీసేసిండు. ఎందుకక్కా అని గూడ అడగలే.”

“ఈ గురువారం?”

“ఈ గురువారం గూడ తెరుస్త.”

వాసుదేవ్ ఫోన్ పెట్టేశాడు. జయతీర్థ ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి వింటున్నవాడిలా కూర్చున్నాడు. అలా వినే మనిషి ఎదురుగా ఉండి ఎన్నాళ్ళయిందో. వాసుదేవ్ లేచి నిలబడి, పాత అలవాటు ప్రకారం, అటూ ఇటూ నడుస్తూ తనకు తోచిందంతా పైకి చెప్పడం మొదలుపెట్టాడు.

“అయితే సెలవు పెట్టింది ఆమె కాదు. ఆమెకు సెలవు లేదు. పెట్టినవాడికి జయరామయ్య రివాజు తెలుసు, అది పోయిన సంగతి తెలియదు. బజారు మూసి ఉన్న రోజున ఆమె తెరుస్తుంది కాబట్టి బజారు వాళ్ళకూ తెలియలేదు. మరి ఎందుకు పెట్టాడు? భక్తితో కాదు. అమావాస్య నాడు ఫోన్ ఎత్తితే సుంకన్న లాంటి పాత రైతు ఇది జయరామయ్య షాపు కాదని పసిగడతాడు. ఎత్తకపోతేనే నమ్ముతాడు. నమ్మాడు కూడా. అంటే వాడు జయరామయ్య రోజుల్లో ఈ షాపును లోపలి నుంచి చూసినవాడు. ఏ ఊరి రైతు ఏ మాటకు నమ్ముతాడో తెలిసినవాడు. ఆయన పోయాక ఇటు వైపు రానివాడు.”

ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

జయతీర్థ మెల్లగా తల ఊపాడు. “మంచి పాయింటే పట్టిండ్రు. ఇది ఇంకెవరికన్న చెప్పిండ్రా?”

“చెప్పడానికి ఎవరున్నారు?”

“సరే. రేపటి ఫిర్యాదు ఆపుత. మా కంపెనీకి ఆడమనిషి ఇజ్జత్ తీసే అవసరం లేదు. మీ నంబరు ఇయ్యండి, మాట్లాడుకుందాం.”

వాసుదేవ్ కార్డు ఇచ్చాడు. జయతీర్థ దాన్ని చూసి, జేబులో వేసుకుని, అతని భుజం తట్టి మెట్లు దిగాడు. వాసుదేవ్ మళ్ళీ గడియ పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. సౌభాగ్యలక్ష్మికి ఫోన్ చేసి ఫిర్యాదు ఆగిందని చెప్పాలి. దానికంటే ముందు చేయాల్సింది ఒకటి ఉన్నట్టు అనిపించింది. ఏమిటది? తెర వైపు చూస్తే గుర్తొచ్చింది. పేజీని ఫొటో తీయలేదు. గురువారం సెలవన్న ఆ ఒక్క మాటే సౌభాగ్యలక్ష్మిని కాపాడేది. దాని నకలు అతని దగ్గర లేదు. ఆ పని ఎప్పుడూ తనది కాదు.

ఫోన్ చేతిలోకి తీసుకుని, తాజాగా ఉండాలని పేజీని మళ్ళీ తెరిచాడు.

గురువారం తెరిచి ఉంటుంది.

మూసి మళ్ళీ తెరిచాడు. గురువారం తెరిచే ఉంది. అమావాస్య సెలవు ఉండిన ఆనవాలే లేదు. కింద వీధిలో జయతీర్థ కారు ఇంకా కదిలిన చప్పుడు కాలేదు.

ఆ మాట విన్నవాళ్ళు ఇద్దరే. సౌభాగ్యలక్ష్మికి ఫోన్లో చక్రం తిరగడం ఆపడమే చేతకాదు. రెండో మనిషి ఇప్పుడే భుజం తట్టి వెళ్ళాడు. జయరామయ్య రోజుల్లో షాపును లోపలి నుంచి చూసినవాడు, ఊళ్ళు తెలిసినవాడు, తర్వాత ఇటు రానివాడు, ఖాళీ ప్యాకెట్లుండే గోదాముకు తాళాలు అందేవాడు. ఇంతసేపూ తాను వర్ణించింది ఎదురుగా కూర్చున్న మనిషినే. ఆ మనిషి వర్ణన ఆ మనిషికే అప్పజెప్పాడు.

మళ్ళీ చూశాడు. పేజీ పైన పెద్ద అక్షరాల్లో ఉన్న నంబరు కూడా మారింది. మొదటి అంకెలు చదువుతుండగానే మిగతావి నోటికి వచ్చేశాయి. అది తన నంబరు. దాని కింద చిరునామా: స్టేషన్ రోడ్డు, మహాదేవమ్మ గారి ఇల్లు, మేడ మీద గది.

కింద కారు స్టార్టయింది. దూరం వెళ్ళిపోయింది.

వాసుదేవ్ ఈసారి ముందు ఫొటో తీశాడు. తీసిన మరుక్షణమే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“జయరామయ్య సీడ్సేనా?” పడుచు గొంతు. వెనక చాలామంది మాటలు, ట్రాక్టర్ ఇంజను. “ఇన్ని దినాలు స్విచ్చాఫ్ చేసుకోని కూసుంటివి గదరా! ఇప్పుడే సైటుల కొత్త నంబరు చూసినం, ఇయ్యాల దొరికినవ్. మేం యరగేరోళ్ళం. ఇరవై మందిమి గంజుల, మార్కెట్ యార్డు కాడ ఉన్నం. మా చేన్లు చూపిస్తం, రా.”

“బాబూ, నా మాట విను...”

“నీ మాటలు ఇనే ఇత్తినం. ఒక్కటే చెప్పు. సైటుల కొత్తగ స్టేషన్ రోడ్డు అడ్రసు పెట్టినవ్. నువ్వు ఆడున్నవా, లేకుంటె బజార్ల పాత షాపుల దాక్కున్నవా? బజారు మాకు దగ్గర. ముందుగాల ఆడికే పోతం.”

ఈ వేళప్పుడు బజారులో పాత షాపులో ఉన్నది ఒక్క మనిషి. ఆమె చేతుల్లో మడతపెట్టిన సంచులు తప్ప ఇంకేమీ ఉండవు. వచ్చినవాళ్ళకు ఆమె ఏం చెప్పినా, బోర్డు మీద ఉన్న పేరు జయరామయ్యదే.

“పాత షాపుకు వెళ్ళకండి. అక్కడున్నామెకు దీంతో సంబంధం లేదు” అన్నాడు వాసుదేవ్.

“మరి ఎవరికున్నది?”

“పేజీలో ఉన్న నంబరుకే కదా ఫోన్ చేశావు? ఆ చిరునామాలోనే ఉన్నాను. అందరూ ఇక్కడికే రండి.”

అవతలి గొంతు ఎవరితోనో ఏదో అరిచింది. ట్రాక్టర్ కదిలింది. వాసుదేవ్ ఫోన్ బల్ల మీద పెట్టి, వెళ్ళి తలుపు గడియ తీశాడు.